పెరిగిన పోగు

నా కూతురు తయారుచేసిన పరీక్షలో సాంబయ్య పాసయ్యాడు. నేను తప్పాను. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

సాంబయ్యకు మగ్గం పని రాదని నేను అనను. వస్తుంది. కాని ఆ రోజు అతను పాసైంది పని వచ్చినందుకు కాదు. నేను తప్పింది పని రానందుకూ కాదు.

అప్పుడు మేం సూరత్‌లో, భేస్తాన్ అనే చోట ఒక గదిలో ఉండేవాళ్లం, నేనూ నా కూతురు నీరజా. నా భార్య జమున పోయి రెండేళ్లయింది. మా మిల్లు పాండేసరాలో ఉండేది. ఆ ఏడు సేఠ్ పాత షెడ్డు పక్కనే కొత్తది కట్టి రేపియర్ అనే కొత్తరకం మగ్గాలు తెప్పించాడు. పాత మగ్గాలు దీపావళి దాటగానే తుక్కుకు పోతాయని గేటు దగ్గర చాయ్ అమ్మేవాడికి కూడా తెలుసు. కొత్త షెడ్డులోకి వెళ్లినవాడికి పని ఉంటుంది. వెళ్లనివాడికి ఉండదు. నాకు నలభై ఎనిమిదేళ్లు. ఆ వయసులో ఇంకో మిల్లు గేటు ముందు నిలబడి పని అడిగే ముఖం కాదు నాది.

ఎవరు వెళ్లాలో కంప్యూటర్ చెబుతుందన్నాడు జిగ్నేశ్‌భాయ్. అతను సేఠ్ మేనల్లుడు, మిల్లుకు మేనేజరు. కొత్త మగ్గాలు మీదపడి నేర్చుకునేవి కావట. ఒకటి చెడితే బాగుచేయడానికి పరాయి దేశం నుంచి మనిషి రావాలట. అందుకని ముందు కంప్యూటర్‌లో మగ్గం ఆడించి చూపిస్తారు. అది చెడుతుంది. మనం బాగుచేయాలి. చేస్తే పాసు.

ఆ కంప్యూటర్‌లో మగ్గాన్ని తయారుచేసే పని రింగురోడ్డు మీద ఒక కంప్యూటర్ షాపుకు ఇచ్చాడు. నీరజ ఆ షాపులోనే పనిచేసేది. బీకాం చదివి, ఆ తరవాత కంప్యూటర్ నేర్చుకుంది. నాది ఊరి బడి, ఏడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను, ఒకదాని పక్కన ఒకటి పెట్టగలను. అంతవరకే.

పని తనకు వచ్చిందని తెలిసిన రోజు నీరజ గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"బాపూ, మీ మిల్లు పరీక్ష నేనే తయారుచేస్తున్న. నన్నేం అడగకు."

"నిన్ను అడిగి పాసయ్యే గతి నాకింకా పట్టలేదు" అన్నాను.

"గట్లనే ఉండు" అని నవ్వింది.

నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. కాని తన తంటాలు మాత్రం రోజూ అన్నం తింటూ చెప్పేది. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి ఆ గదిలో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. నేను వింటాను.

తెర మీద మగ్గం ఆడుతూ ఆడుతూ ఆగిపోతుంది. ఎర్ర దీపం వెలుగుతుంది. కింద 'క్యా హువా', ఏమైంది, అని ప్రశ్న వస్తుంది. మొదట ఆమె ప్రశ్న కింద నాలుగు జవాబులు పెట్టి ఒకటి ఎంచుకొమ్మంది. జిగ్నేశ్‌భాయ్ ఒప్పుకోలేదు. కళ్లు మూసుకొని నొక్కినా నాలుగింట్లో ఒకటి తగులుతుంది, నిజం మగ్గం ఎవరికీ నాలుగు జవాబులు చూపించదు అన్నాడు. ఆ మాట నిజమే. కాబట్టి జవాబు మనమే కొట్టాలి. హిందీలోనో గుజరాతీలోనో ఒడియాలోనో తెలుగులోనో, ఎవరి మాటలో వాళ్లు, ఇంగ్లీషు అక్షరాలతో.

నీరజకు కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

"ముడికి హిందీల గాంఠ్ అంటం గద" అంది ఒక రోజు. "గా ఒక్క మాటను నమూనాకు రాసియ్యమంటే మీ మిల్లోళ్లు ఎన్ని తీర్ల రాసిన్రో ఎర్కేనా? గాంఠ్, గాంట్, గాట్, గంట. ఒకాయన ఘాట్ అని కొట్టిండు. మిషన్ తాపీ నది ఒడ్డుకు పోతనన్నది."

"తప్పు రాస్తే తప్పే గద."

"తప్పు రాసిండు గని తప్పు చెప్పలే బాపూ. ముడేస్త అనే చెప్పిండు. మిషన్ మనిషి మాట పట్టుకోవాలె గని అక్షరాలు పట్టుకొని కొట్టద్దు."

"ఈ సంగతి మా బడిల పంతులుకు తెల్వకపాయె" అన్నాను. "అరచేతులు పగిలినయి."

ఆమె తన మిషన్‌కు ఒక్కొక్కటే నేర్పింది. పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఒకటే అనుకొమ్మంది. రెండు 'ఎ'లు వస్తే ఒకటిగా చూడమంది. 'హెచ్' ఉన్నా లేకపోయినా పట్టించుకోవద్దంది. వాక్యమంతా సరిపోవాలని పట్టుబట్టకుండా, అందులో అసలు మాట ఉందా లేదా అది ఒక్కటి వెతకమంది. చిన్నపిల్లకు బుద్ధులు చెప్పినట్టు చెబుతుందని నేననుకునేవాణ్ని.

మాకు ఇంట్లో కంప్యూటర్ లేదు. నా వేళ్లకు అక్షరాలు ఎక్కడున్నాయో అలవాటు కావాలని నీరజ ఒక చీరల డబ్బా మూత మీద గళ్లు గీసి అక్షరాలు రాసింది. నేను డ్యూటీ నుంచి వచ్చి దాని మీద కొట్టేవాణ్ని. అది అట్ట. ఏం కొట్టినా ఊరుకునేది.

మిల్లు సెలవు రోజున నేను సర్వపిండి చేస్తాను. జమున వాడిన గిన్నెలోనే చేస్తాను. పిండిని గిన్నె అడుగున వత్తి, నూనె దిగడానికి వేలితో చిల్లులు పెట్టాలి. ఆ వారం నీరజ గిన్నెలోకి తొంగి చూసి పడీపడీ నవ్వింది.

"చిల్లులన్ని వరుసకు పెట్టినవ్ బాపూ. గిది పిండా, కీబోర్డా?"

చూస్తే నిజంగానే వరుసల్లో పెట్టాను. రెండో ముక్క కూడా తినమని ఆమెకే వేశాను.

పరీక్ష రోజున ఆఫీసు పక్క గదిలోకి చెప్పులు విడిచి ఒక్కొక్కరినే పొమ్మన్నారు. గదికి సగం వరకు అద్దం. నీరజ ఒక మూల కుర్చీలో కూర్చుంది. నన్ను తెలిసినట్టు చూడలేదు. నేనూ చూడలేదు. ముందు సాంబయ్య వెళ్లి వచ్చాడు. పాస్ అని చెయ్యి ఊపాడు.

నేను కూర్చున్నాను. మగ్గం ఆడింది, ఆగింది, ఎర్ర దీపం వెలిగింది. పడుగులో ఒక పోగు కిందికి వేలాడుతోంది. పసిపిల్లాడికైనా కనబడుతుంది. 'క్యా హువా' అని అడిగింది.

'తార్' అని కొట్టాను. మిల్లులో మేమందరం పోగును తార్ అంటాం. పద్దెనిమిదేళ్లుగా నేను ఆ చప్పుడులో 'తార్' అని ఒక్క అరుపు అరుస్తున్నాను. అంతకు మించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

'అధూరా' అంది మిషన్. సగమే చెప్పావు, పూర్తిగా చెప్పు అని.

'పోగు పెరిగింది' అని కొట్టాను.

'గలత్' అంది, తప్పని.

అక్షరం ఏదైనా పోయిందేమోనని మెల్లగా, ఒక్కొక్కటే చూసుకుంటూ మళ్లీ కొట్టాను. మళ్లీ గలత్ అంది. మిగిలిన ప్రశ్నలన్నీ సరిగ్గా చెప్పాను. పేక దారం గురించి, నూనె గురించి, అంచు గురించి. అవి లెక్కలోకి రావన్నాడు జిగ్నేశ్‌భాయ్. మొదటి ప్రశ్న తప్పినవాడు ఫెయిల్. ఫెయిలైనవాళ్లకు దసరాకు ముందు ఇంకొక్కసారి ఉంటుంది. అదే ఆఖరు.

ఇక్కడ ఆ మాట సంగతి చెప్పాలి.

మా వైపు ఆడవాళ్లు గాజు పగిలిందనరు. పెరిగింది అంటారు. పుస్తెలతాడుకు ఏమైనా అయితే పెరిగింది అంటారు. చెడ్డమాట ఇంట్లో వినబడకూడదని. ఇది అందరికీ తెలిసిందే. జమున దీన్ని మగ్గం దాకా తెచ్చింది. అన్నం పెట్టే పోగును మాత్రం ఆ మాట ఎందుకనాలి అనేది. మా ఊళ్లో గుంట మగ్గం మీద నేను నేస్తుంటే ఆమె వెనక గోడకు ఆనుకొని రాట్నం మీద కండెలు చుట్టేది. పోగు రెండు ముక్కలైతే లోకమంతా ఒక మాట అంటుంది. ఆ మాట మా ఇంట్లో అనకూడదు. పెరిగింది అనాలి. నేను 'పెరిగింది' అంటే ఆమె తలెత్తకుండానే "ఏది పెరిగింది?" అని అడిగేది. ఇంట్లో అన్నిటికీ అదే మాట కాబట్టి అడగాలి మరి. "గాజా, పోగా?" అనేది. నేను మగ్గం మీద కూర్చొని ఉన్నానని, నా చేతికి గాజుల్లేవని తెలిసే అనేది. "పోగు" అనేవాణ్ని. "అయితే ముడెయ్" అనేది. రోజుకు ఎన్నిసార్లు పోగు పెరిగితే అన్నిసార్లు ఇదే మాట, ఇదే నవ్వు. మధ్యలో కండెల బుట్ట పక్కన నీరజ పడుకొని ఉండేది.

నీరజకు నాలుగేళ్లప్పుడు సూరత్ వచ్చాం. పవర్‌లూము చప్పుడులో ఎవరు ఏమన్నా ఎవరికీ వినబడదు. అయినా నేను ఆ మాట అనలేదు. నాకు దేవుడి మీదే నమ్మకం లేదు, మాటల మీద ఏముంటుంది. జమున వద్దంది కాబట్టి అనలేదు. ఆమె పోయిన రోజు మా కులపాయన ఒకడు పాడె పక్కన నిలబడి, ప్రాణం దారం వంటిది అని మొదలుపెట్టి, ఆ మాట అన్నాడు. అతని గడప నేను మళ్లీ తొక్కలేదు. ఇక్కడ కూడా ఆ మాట రాయను. హిందీలోనైనా రాయను, అర్థం అదే కదా.

ఆ సాయంత్రం నీరజ ఇంటికి వచ్చి సంచీ కింద పెట్టకముందే అడిగింది.

"ఏం కొట్టినవ్ బాపూ? నేను కూసున్న మూలకెల్లి తెర కనవడలే."

నేను బియ్యం కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను.

"అవుతల ప్రశ్నలు అన్ని రైట్ కొట్టినవ్. మొదటిది తప్పెట్ల అయింది? నీకు తెల్వదా?"

"నీ మిషన్‌కు తెల్వది" అన్నాను.

గుమ్మం బయట సాంబయ్య నవ్వు వినబడింది. అతను నా చుట్టం కాదు. మొదట సూరత్ వచ్చినప్పుడు ఉండటానికి చోటు లేక మా గదిలో ఉన్నాడు, మా ఇంట్లో తిన్నాడు. జమునను అక్క అన్నాడు, ఆ లెక్కన నన్ను బావ అంటాడు. జమున కామెర్లతో మంచం పట్టినప్పుడు అతను మేడారం జాతరకు పోయాడు. తిరిగి వచ్చేసరికి ఆమె లేదు. అమ్మవార్ల బంగారమని బెల్లం ముద్ద చేతిలో పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. అక్కే తన కోసం మొక్కి రమ్మందని అంటాడు. పొమ్మంటే పోవడమేనా? అప్పటి నుంచి అతనితో నాకు అవసరమైన మాట తప్ప వేరే మాట లేదు.

"నేను చెప్త బిడ్డా" అన్నాడు అతను గుమ్మంలోంచే. "నేను అద్దం పక్కకే నిలవడ్డ. మీ బాపు పోగు పెరిగింది అని కొట్టిండు. రెండుమాట్లు."

నీరజ నా వైపు తిరిగింది. సంచీ అప్పుడు కింద పెట్టింది. తరవాత సాంబయ్యను అడిగింది.

"నువ్వేం కొట్టినవ్ మామా?"

"నేనా? నీ మిషన్ అసలు మాట ఉన్నదా లేదా అని ఎతుకుతదని నువ్వే చెప్పినవ్ గద మొన్న. తార్, బాబిన్, బిజిలీ, తేల్, ముడి, మోటార్, ఇంక మగ్గానికి ఏమేం అయితయో అన్ని వరుసకు కొట్టిన. ఏదో ఒకటి తగుల్తది గద. తగిలింది."

నీరజ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో మామా."

"మిషన్‌ది తప్పు, నాది కాదు" అన్నాడు. "కడుపు నిండ వడ్డించిన. అది ఏరుకొని తిన్నది."

అతను వెళ్లాక నీరజ నా పక్కన కూర్చుంది.

"బాపూ, మల్లొక్కసారి పరీక్ష ఉన్నది. అందరు అనే మాట ఒక్కటి కొట్టు. ఒక్కటే సారి. నోటితో అనుడు గూడ కాదు, వేళ్లతోటి కొట్టుడే."

"కొట్ట."

"పని పోతది."

"పోనీ."

"నా కోసం."

"నీ కోసం పాండేసరా నుంచి హజీరా దాకా నడుస్త. గది మాత్రం కొట్ట."

ఆమె కోపంగా లేచి వెళ్లి అన్నం వార్చింది. గంజి సగం కింద పోసింది. అన్నం నాకు ఎక్కువ పెట్టింది.

మరునాడు ఆమె జిగ్నేశ్‌భాయ్‌ను అడిగిందని నాకు తరవాత తెలిసింది. మాకు వెంకటవ్వ పక్కగది. అదే మిల్లులో దారం చుట్టే పని. మిల్లులో జరిగింది జరిగినట్టు, జరగనిది ఇంకొంచెం ఎక్కువగా చెప్పగలదు. ఈ సంగతి మాత్రం జరిగినట్టే చెప్పింది. నీరజ ఈ ఒక్క మాటను కూడా సరైన జవాబుల్లో చేరుస్తానంది. జిగ్నేశ్‌భాయ్ ఒప్పుకోలేదు. పెరిగింది అంటే ఎక్కువైంది అని కదా, ఉల్టా అర్థం కదా అన్నాడు. పైగా ఆ కొట్టినవాడు నీ బాపు అన్నాడు. ఒక్కడంటే అది పొరపాటు, మా మిల్లు మనుషులు ముగ్గురు తమంతట తాము పరీక్షలో ఆ మాటే అంటే అప్పుడు చేర్చు అన్నాడు. ఎవరికీ చెప్పి అనిపించకూడదు. నీరజ సరేనంది.

ఒకడిని నేను. దారం చుట్టే ఆడవాళ్ల పరీక్ష అయిన రోజు వెంకటవ్వ మా గుమ్మంలో కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పింది. ఆమెకు అక్షరాలు రావు. ఆమె చెబితే నీరజ కొట్టాలి.

"నీ బిడ్డ నన్ను కుర్చీల కూసుండవెట్టి, ఏమైందవ్వా అన్నది. ఏమైతది, పోగు పెరిగింది, కండ్లకు కనవడుతలేదా అన్న. పోరి నా మొకం దిక్కు చూసి కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది. నేనేమన్న తిట్టిననా నరహరీ?"

"లేదవ్వా."

"మిషన్ గలత్ అన్నది. దాని మొకం. అది పుట్టకముందుకెల్లి నేను పోగులు ముడేస్తున్న."

"నీకెవరు నేర్పిన్రు ఆ మాట?"

"మా అత్త. మీ జమున నోట విన్నప్పుడు, గీమె మనదే అనుకున్న." ఒక రాయి తీసి దూరంగా విసిరింది. "ఇద్దరైన్రు అన్నది నీ బిడ్డ. మూడో మనిషి ఏడ దొరుకుతడు? ఇప్పటి పోరగాండ్లు ఎవలంటరు గా మాట?"

పరీక్షకు కూర్చోవాల్సినవాళ్లంతా అయిపోయారు. ఆ మాట ఇంకెవరూ అనలేదు. నాకు సంతోషం కాలేదు, దుఃఖం కాలేదు. పాత షెడ్డులో నా మగ్గానికి నూనె వేశాను. తుక్కుకు పోయేదే కదా అని ఊరుకోలేదు.

వారం తిరగకముందే వెంకటవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి బియ్యం లేదు, చాట లేదు, ఊరికే వచ్చింది.

"సాంబడు చేసిన పని విన్నవా?"

"వినలే. వినను."

"విను. జిగ్నేశ్‌భాయ్ దగ్గరికి పోయిండు. సాబ్, నేను మొన్న పాసయిందంత ఝూట్, అన్ని మాటలు కలిపి కొట్టిన, మల్ల కూసుంట అన్నడు. ఆయన లేసి గిన్ని తిట్లు తిట్టిండు. కూసో, ఈసారి తప్పితే అందరి లెక్కనే ఆఖరు పరీక్ష ఒక్కటే మిగుల్తది అన్నడు. నీ బిడ్డ మిషన్‌ను మంచిగ చేసింది, ఇప్పుడు నాలుగు మాటలు కలిపి కొడితే 'ఒక్కటే చెప్పు' అంటదట. సాంబడు కూసున్నడు. ఒక్కటే కొట్టిండు."

వెంకటవ్వ ఇంకొంచెం ముందుకు జరిగింది.

"పోగు పెరిగింది అని కొట్టిండు. గలత్ అన్నది మిషన్. నవ్వుకుంట లేసిండు. ఏందిరా గది, నీ పాసు పాయె గద అంటే, మా అక్క ఇంట్ల తిన్నన్ని రోజులు గదే నేర్సిన, నాకు వేరే మాట రాదు అన్నడు."

అబద్ధం. అతనికి వేరే మాట వచ్చు. మొదటిసారి వరుసలో కొట్టిన వాటిలో అదీ ఉంది, అది ఉండబట్టే పాసయ్యాడు.

"ముగ్గురైన్రు" అని వెంకటవ్వ లేచి వెళ్లిపోయింది.

ఆ రోజు సాయంత్రం సాంబయ్య సైకిలు మా గుమ్మం ముందు నుంచి పోయింది. ఆపలేదు. నేను పిలవలేదు.

మాట చేర్చడానికి జిగ్నేశ్‌భాయ్ ఒప్పుకున్నాడు గాని ఇంకో చిక్కు చూపించాడట. అది నీరజ తనే చెప్పింది, పళ్లెం ముందు కూర్చొని, అన్నం కలపకుండా.

"పడుగు మరీ బిగుసుకుంటే ఏమంటం బాపూ?"

"టెన్షన్ పెరిగింది అంటం."

"చూసినవా. పోగుకు పెరిగింది. టెన్షన్‌కు పెరిగింది. ఒకటేమో ముడెయ్యాలె. ఒకటేమో వదులు చెయ్యాలె. ఉత్తగ 'పెరిగింది' అని కొట్టినోడు ఏది చెప్తుండో మిషన్‌కు ఎట్ల తెల్వాలె? సరే అన్నమనుకో, తెల్వనోడు గూడ పాసైతడు. గలత్ అన్నమనుకో, నువ్వు మల్ల తప్పుతవ్."

"నాకేం తెలుసు. నీ మిషన్ నువ్వు చూసుకో."

ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకొని కూర్చుంది. పళ్లెంలో చారు అంచు దాకా పారింది.

"ఇంట్ల అన్నిటికి గదే మాట గద. అమ్మకు ఎట్ల తెలిసేది?"

"సల్లారుతది, తిను" అన్నాను.

తింది. ఆ తరవాత ఆ పరీక్ష గురించి మా మధ్య మాట రాలేదు. రెండు రోజులు ఆమె షాపు నుంచి ఆలస్యంగా వచ్చింది. నేను వండి, మూత పెట్టి, బస్సు ఆగే చోటు దాకా వెళ్లి నిలబడేవాణ్ని. ఎందుకు వచ్చినవ్ అనేది. గాలికి వచ్చిన అనేవాణ్ని. భేస్తాన్‌లో మిల్లుల పొగ తప్ప గాలి ఎక్కడుంది.

దసరాకు ముందు శుక్రవారం ఆఖరు పరీక్ష పెట్టారు. సాంబయ్యదీ ఆ రోజే. ఈసారి నన్నే ముందు పిలిచారు. చెప్పులు విడిచాను. జిగ్నేశ్‌భాయ్ నా వెనకే నిలబడ్డాడు. నీరజ మూల కుర్చీలో లేదు. ఆమెను షాపులోనే ఉండమన్నాడట, కూతురు గదిలో ఉంటే బాగుండదని. మంచిదే అయింది.

మగ్గం ఆడింది. ఆగింది. ఎర్ర దీపం. వేలాడే పోగు. 'క్యా హువా.'

'పెరిగింది' అని కొట్టాను. పోగు అని ముందు కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో నాకు తెలియదు. చేతికి అలవాటైన మాట అది, ఒక్కటే వచ్చింది.

గలత్ రాలేదు. సహీ కూడా రాలేదు. తెర కాసేపు ఖాళీగా ఉంది. తరవాత ఇంగ్లీషు అక్షరాల్లో, హిందీ కాదు, తెలుగులో ఒక ప్రశ్న వచ్చింది.

'ఏది పెరిగింది?'

నేను దాన్ని చదివాను. అక్షరాలు కూడబలుక్కొని కాదు, ఒక్కసారిగా చదివాను. రెండేళ్లుగా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నా వేళ్లు అక్షరాల మీదే ఉన్నాయి. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు, కాని నాకు వెనక గోడ పక్కన రాట్నం తిరుగుతున్నట్టు ఉంది. తల తిప్పితే ఆగిపోతుంది. తిప్పలేదు.

"క్యా హువా నరహరీ" అన్నాడు జిగ్నేశ్‌భాయ్. "నహీ ఆతా?"

ఆతా హై, వచ్చు అన్నాను. అయినా వెంటనే కొట్టలేదు. జవాబు కొడితే ఆ ప్రశ్న తెర మీద నుంచి పోతుంది. అది ఉన్నంతసేపు ఉండనిచ్చాను. జిగ్నేశ్‌భాయ్ గడియారం చూసుకున్నాడు, నన్ను చూశాడు. అతను మంచివాడని నేను అనను. కాని ఆ రోజు తొందరపెట్టలేదు.

'పోగు' అని కొట్టాను.

'సహీ' అంది మిషన్. తరవాతి ప్రశ్న వచ్చింది. ఇప్పుడేం చేస్తావు అని. 'ముడి' అని కొట్టాను. మిగిలినవన్నీ కొట్టాను. పాసయ్యాను.

నా తరవాత సాంబయ్య వెళ్లాడు. అతను బయటికి వచ్చేదాకా గేటు దగ్గర ఉన్నాను. అతని కోసమని కాదు, ఎండ తగ్గాలని. అతను వచ్చి చాయ్ బండి దగ్గర ఒక కటింగ్ చాయ్ చెప్పి, సగం ఇంకో గ్లాసులోకి వంచి నాకు ఇచ్చాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బావా" అన్నాడు. "నన్ను గూడ అడిగింది. అచ్చం అక్క లెక్కనే…"

"చాయ్ తాగు" అన్నాను.

నేనూ తాగాను. చాయ్ తాగినంత మాత్రాన జాతర సంగతి మరిచినట్టు కాదు. అతనికీ అది తెలుసు. కొత్త షెడ్డులో అతని మగ్గాలూ నా మగ్గాలూ పక్కపక్కనే పడ్డాయి. అతనికి ముడి వేయడంలో తొందరెక్కువ. ఇప్పటికీ చెబుతుంటాను.

ఇంటికి వెళ్లేసరికి నీరజ నాకంటే ముందే వచ్చి ఉంది. గుమ్మంలో నిలబడి ఉంది. నా ముఖం చూసింది, పాసయ్యానని తెలిసింది. ఆమె అడిగింది అది కాదు.

"మిషన్ నిన్నేమన్న అడిగిందా బాపూ?"

"అడిగింది."

"ఏం చెప్పినవ్?"

"చెప్పాల్సింది చెప్పిన."

ఆమె ఇంకేదో అనబోయింది. ఊళ్లో గుంట మగ్గం ఉన్న రోజుల్లో ఆమెకు నాలుగేళ్లు, కండెల బుట్ట పక్కన నిద్రపోయేది. నిద్రపోతుందనే మేం అనుకునేవాళ్లం. మగ్గం దగ్గరి మాటలు అంత చిన్నపిల్లకు గుర్తుండవని నేననుకున్నాను. గుర్తుండి పెట్టిందా, మిషన్ చిక్కు తీరడానికి ఎవరైనా ఆ ప్రశ్నే పెడతారు కాబట్టి పెట్టిందా, నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతుంది. ఏది చెప్పినా నాకు వద్దు.

"అన్నం పెట్టు బిడ్డా" అన్నాను.

పెట్టింది. తిన్నాం. ఆమె తరవాత ఒకటి రెండుసార్లు ఆ మాట ఎత్తబోతే నేను లేచి బయటికి పోయాను. సాంబయ్య ఎత్తబోతే ముడి సరిగ్గా వెయ్యమన్నాను. ఇప్పుడు ఇక్కడ ఒక్కసారి రాశాను. ఇక దీని గురించి ఎవరడిగినా, నీరజ అడిగినా సరే, నేను మాట్లాడను.